మెట్లు దిగిన బేరం

మా ఆఫీసుకు లిఫ్టు లేదు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్తంభాల దగ్గర రోడ్డు దాటి ఒక సందులోకి తిరిగితే కింద గాజుల దుకాణం, దాని మీద కుట్టుమిషన్లు బాగుచేసే షాపు, ఇంకో అంతస్తు ఎక్కితే మేము. అంత ఎక్కి వచ్చిన కస్టమర్‌కు ఊపిరి సర్దుకోవడానికే కాసేపు పడుతుంది. ఆ కాసేపట్లో నేను కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇచ్చి, మా రేటు చెప్పేస్తాను. ఆయాసపడుతున్న మనిషి గట్టిగా బేరం ఆడలేడు. బిల్డింగ్ ఓనర్ ఒకసారి లిఫ్టు పెట్టిస్తానని ముందుకొస్తే ఆఫీసులో అందరూ సంతోషపడ్డారు, నేను తప్ప.

మేం చేసేది సాఫ్ట్‌వేరే. కాకపోతే అద్దాల బిల్డింగుల్లో చేసే రకం కాదు. బట్టల షాపుకు బిల్లింగు, కోచింగ్ సెంటర్‌కు హాజరు, ఫంక్షన్ హాలుకు బుకింగు. చుట్టాల పెళ్ళిళ్ళలో ఎవరైనా ఏం చేస్తున్నావని అడిగితే సాఫ్ట్‌వేర్ అంటాను. ఎక్కడ అని అడుగుతారు. దిల్‌సుఖ్‌నగర్ అంటే అందరికీ కంప్యూటర్ కోర్సుల సెంటర్లే గుర్తు, అందుకే ఆ పేరు వినగానే వాళ్ళ ముఖాల్లో జాలి కనిపిస్తుంది. "ఏం కోర్సు నేర్చుకుంటున్నవ్?" అంటారు. ఈ వయసులో కూడా.

నేను పుట్టి పెరిగింది దుకాణాల మధ్య. కొత్తపేటలో మా నాన్నది స్టీలు సామాన్ల దుకాణం. బడి నుంచి వచ్చి బోర్లించిన గంగాళం మీద కూర్చుని హోంవర్క్ రాసుకునేదాన్ని. గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఇంకా ఉన్న రోజులవి. ఎండాకాలం వస్తే మా స్టీలు గిన్నెలు కూడా మామిడిపండ్ల వాసన వేసేవి. ధర చెప్పేటప్పుడు కళ్ళు గిన్నె మీద ఉండాలి, మనిషి మీద కాదు అని నాన్న నేర్పాడు. అమ్మ ఆయన కన్నా గట్టిది. రైతుబజారులో ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి కదా, అక్కడ బేరం ఉండదు. మా అమ్మ బోర్డుతోనే బేరం పెట్టేది. "అది పొద్దుగాల రాసిన రేటు. టమాటలు ఇంక పొద్దుగాలట్లనే ఉన్నయా?" అనేది. అమ్మేవాడు ఒకసారి టమాటలు చూసుకుని, ఒకసారి అమ్మను చూసి, రెండు ఎక్కువ వేసేవాడు.

ఇలాంటి ఇంట్లో పెరిగిన మనిషికి సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఏం పని అని అనిపించవచ్చు. చాలా పని ఉంది. నా కార్డు మీద బిజినెస్ అనలిస్ట్ అని ఉంటుంది. కస్టమర్ దగ్గరికి పోయి ఏం కావాలో వింటాను, వచ్చి మా ప్రోగ్రామర్లకు చెప్తాను. అది ఎన్ని రోజుల్లో అవుతుంది అన్న దగ్గర అసలు బజారు మొదలవుతుంది. మా ఆఫీసులో అమ్ముకునేది, కొనుక్కునేది రోజుల్నే.

మా సార్, అంటే కంపెనీ పెట్టినాయన, ఒకప్పుడు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. గుంటూరు వైపు మనిషి. ఎల్‌బీనగర్‌లో ఇల్లు కట్టుకుని ఏళ్ళు గడిచినా ఆయన మాట ఇంకా అక్కడిదే. తన స్టూడెంట్ల వయసు వాళ్ళను తప్ప అందరినీ అండీ అంటాడు, నీళ్ళ క్యాను తెచ్చే అతన్ని కూడా. మొదట్లో ఎవరు ఎన్ని రోజులు చెబితే అన్ని రోజులూ నమ్మేవాడట. నేను చేరాక ఆ అలవాటు పోయింది. మా సీనియర్ ప్రోగ్రామర్ ఒకడున్నాడు, గడ్డం పెంచి, ఏసీ పనిచేయని రోజు కూడా జాకెట్ వేసుకుని కూర్చుంటాడు. అతను వారం పనికి వారం అని చెప్పడం చూసి నా కడుపు తరుక్కుపోయింది. "వారం పడితే వారమని చెప్తవా తమ్మీ? రెండు వారాలు చెప్పు. తగ్గిస్తడు, తగ్గించనీ," అన్నాను. అతను చెప్పాడు. సార్ తగ్గించాడు. ఇద్దరూ గెలిచిన ముఖాలతో బయటికి వచ్చారు.

ఆ తర్వాత అందరూ రెట్టింపు చెప్పడం మొదలుపెట్టారు. సార్ లెక్కలు తెలిసిన మనిషి కాబట్టి సగానికి కోయడం నేర్చుకున్నాడు. అలా మా ఆఫీసులో ఒక పద్ధతి స్థిరపడింది. రెట్టింపు చెప్పడం మా వంతు, సగం కోయడం ఆయన వంతు. చివరికి తేలేది అసలు రోజులే. మొదటే అసలు రోజులు చెప్పుకుంటే పోయేది కదా అని ఎవరికైనా అనిపించిందేమో తెలియదు. మాకు మాత్రం ఆ బేరం లేకపోతే సోమవారం మీటింగు ఉప్పు లేని పప్పులా ఉండేది.

ఆ పద్ధతి తెలియని అమ్మాయి ఒకతె వచ్చి చేరింది.

మీర్‌పేట్ నుంచి బస్సులో వచ్చేది. వాళ్ళ నాన్న నల్లగొండ పక్క ఊరి నుంచి తాపీ పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అన్న స్కూలు వ్యాన్ నడుపుతాడు. ఆదివారం చర్చిలో పాడేది. కోడ్ రాసేటప్పుడు కూడా గొంతులో ఏదో కూనిరాగం నడుస్తూనే ఉండేది. అది ఆగిందంటే ఎక్కడో తప్పు దొరికిందని మాకు అర్థం. ఆమెను ఆరు నెలలు ట్రయల్ మీద తీసుకున్నారు. పని నచ్చితే పర్మనెంట్. ఇంట్లోనూ ఆమెకు అంతే గడువు. పర్మనెంట్ కాకపోతే వాళ్ళన్నకు తెలిసిన టైల్స్ షోరూంలో కౌంటర్ దగ్గర కూర్చోవాలి.

"టైల్స్ మంచిగనే ఉంటయ్ అక్కా," అంది నాతో ఒకసారి, టిఫిన్ డబ్బా మూత పెడుతూ. "కానీ నేను చేసినయి కావు గదా."

మొదటి పని అప్పుడు ఎన్ని రోజులు కావాలమ్మా అని సార్ అడిగాడు. ఆరు రోజులు సార్ అంది. ఆమెకు నిజంగా కావలసినవి ఆరే. సార్ అలవాటు ప్రకారం మూడు అన్నాడు. అప్పుడు ఆమె ఏదో ఒకటి అనాలి. అన్యాయం సార్ అనాలి, ఐదు చేయండి అనాలి, కనీసం నిట్టూర్చాలి. ఆమె "సరే సార్" అంది. గడ్డం తమ్ముడు నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను. పని ఆరు రోజులకే అయింది, అంటే సార్ లెక్కలో మూడు రోజుల ఆలస్యం. ఆయన కోప్పడే మనిషి కాదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "మళ్ళీ ఇలా తేదీ తప్పితే కన్ఫర్మ్ చేయడం కష్టమవుతుందమ్మా," అన్నాడు. ఆ రోజు కూనిరాగం వినబడలేదు.

అదే వారం నేను ఎల్‌బీనగర్‌లో ఒక పిల్లల డాక్టరమ్మ దగ్గర కొత్త పని పట్టుకొచ్చాను. ఆమె క్లినిక్ ముందు పొద్దున్నే తల్లులు జ్వరం పిల్లలను చంకనేసుకుని వరుసలో నిలబడుతున్నారు. అలా కాకుండా ఇంటి దగ్గరే ఫోన్లో టోకెన్ తీసుకుని, వంతు దగ్గరపడ్డాక బయల్దేరేలా ఉండాలి. సార్ ఆ పని ఈ అమ్మాయికే ఇద్దామన్నాడు. "ఇదే ఆమెకు పరీక్ష అనుకోండి," అన్నాడు నాతో. చెప్పిన తేదీకి ఇస్తే ఉద్యోగం, లేకపోతే టైల్స్.

"అసలు ఎన్ని రోజులు పడ్తది?" అని అడిగాను ఆమెను.

వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. "ఎనిమిది అక్కా."

"మీటింగ్ల ఎంత చెప్తవ్?"

"ఎనిమిది."

"ఎనిమిదంటే నాలుగిస్తడు. పదహారు చెప్పు."

"పదహారు రోజులు ఏం చేస్తవ్ అని సార్ అడిగితే?"

"ఏం చెప్పొద్దు. పరేషాన్ అయినట్టు మొకం పెట్టు."

ఆమె పెట్టింది. పంటి నొప్పి వచ్చినట్టుంది.

ఈమెకు పాఠం ఆఫీసులో కాదు, రోడ్డు మీద చెప్పాలని ఆ సాయంత్రం కిందికి తీసుకుపోయాను. మా సందు చివర ఫుట్‌పాత్ మీద హ్యాండ్‌బ్యాగులు, చెప్పులు, క్లిప్పులు, దిండు గలేబులు, ఏవి కావాలంటే అవి దొరుకుతాయి. ముందు ఏం మాట్లాడకుండా ఆమెను కొననిచ్చి చూశాను. ఒక హ్యాండ్‌బ్యాగు నచ్చింది. నచ్చినట్టు దారిన పోయేవాళ్ళకు కూడా తెలిసిపోతోంది. దాన్ని రెండు చేతులతో గుండెలకు హత్తుకుని, "అన్నా, ఇదెంత?" అంది. అతను చెప్పాడు. ఆమె ఇచ్చేసింది. పైగా "థాంక్స్ అన్నా" అంది. అతను ఆ నోట్లను వెలుతురుకు పెట్టి చూసుకున్నాడు. అడిగినంత ఇచ్చేవాళ్ళను చూస్తే అమ్మేవాళ్ళకు భయం వేస్తుంది. ఇంకా ఎక్కువ చెప్పి ఉండాల్సిందని దిగులు కూడా పట్టుకుంటుంది. ఆమె చేసిన పనికి ఇద్దరు నష్టపోయారు.

"నచ్చిందని తెల్వనియ్యొద్దు," అన్నాను, బజ్జీల బండి దగ్గర ఆగి. "ఏదో ఒక వంక పెట్టు. సగానికి అడుగు. ఇయ్యనంటే నడువు. గా నడుసుడే అసలు సంగతి."

"ఎటు నడవాలె?"

"ఎటన్న నడువు. నిమ్మళంగ నడువు, పిలిస్తే ఇనపడాలె. కానీ ఎనక్కి మాత్రం చూడొద్దు. చూసినవంటే అయిపాయె, నీకు కావాలని తెలిసిపోతది. సంచి భుజానికి ఏసుకొని పో, ఉత్త చేతులతోటి పోతే ఎవ్వరు నమ్మరు."

"పిలవకపోతే?"

"పిలుస్తరు."

ఆ మాట అనేటప్పుడు నేను బజ్జీ వైపు చూస్తూ అన్నాను. ఎందుకంటే నన్ను పిలవని దుకాణాలు ఆ రోడ్డు మీద చాలానే ఉన్నాయి. ఒక చీరల షాపులో ఇలాగే లేచి గుమ్మం దాకా నడిచాను, రోడ్డు దాకా నడిచాను, చెరుకురసం బండి దాకా నడిచాను. ఇక పిలుపు రాదని తేలిపోయాక వెనక్కి వెళ్ళి, "నా గొడుగు ఇక్కడ మర్చిపోయిన్నా?" అని అడిగాను. నడి ఎండాకాలం. షాపతను నవ్వలేదు. "గొడుగైతే లేదు మేడం, చీర ఉన్నది. ప్యాక్ చేయమంటరా?" అన్నాడు. ఆ చీర ఇప్పటికీ నా దగ్గర ఉంది. దాన్ని మా ఇంట్లో గొడుగు చీర అంటారు. ఇలాంటివి శిష్యులకు చెప్పకూడదు కాబట్టి చెప్పలేదు.

సోమవారం మీటింగు మొదలైంది. గడ్డం తమ్ముడు ఇరవై అన్నాడు, సార్ పది అన్నాడు, తమ్ముడు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు, పదకొండుకు తెగింది. తర్వాత ఈ అమ్మాయి వంతు. నేను కళ్ళతోనే పదహారు, పదహారు అని చెప్తున్నాను.

"ఎనిమిది సార్," అంది. పదహారు అనడానికి నోరు రాలేదని తర్వాత చెప్పింది.

సార్ బోర్డు మీద నాలుగు వేశాడు. "నాలుగు చేద్దామమ్మా."

"ఎనిమిది సార్."

సార్ కొంచెం ఆశ్చర్యపడ్డాడు. "పోనీ, ఐదు."

"ఎనిమిదే సార్."

"ఐదు కన్నా ఎక్కువ కుదరదమ్మా."

ఆమె ల్యాప్‌టాప్ మూసింది. టిఫిన్ డబ్బా తీసి కొత్త హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. బ్యాగు భుజానికి వేసుకుని లేచి, "వస్త సార్," అని గుమ్మం దాటి నడిచింది. తొందర లేదు, తడబాటు లేదు. వెనక్కి చూడలేదు.

నాకు చాలా ముచ్చటేసింది. ఆ నడక నాకే ఎప్పుడూ అంత బాగా రాలేదు. ఇక సార్ పిలవడమే తరువాయి అని ఆయన వైపు చూశాను. సార్ చేతిలో మార్కర్ అలాగే ఉంది. గుమ్మం వైపే చూస్తున్నాడు. పిలవడం లేదు.

అప్పుడు తట్టింది నాకు. ఈయన దుకాణదారు కాదు, లెక్చరర్. క్లాసులోంచి ఎవరైనా లేచి వెళ్ళిపోతే లెక్చరర్ వెనక్కి పిలవడు, గైర్హాజరు వేస్తాడు.

"రిజైన్ చేసిందాండీ ఆ అమ్మాయి?" అన్నాడు సార్, చాలా నెమ్మదిగా.

"లేదు సార్. బేరమాడుతుంది. మీరు పిలవాలె."

"వెళ్ళిపోయిన మనిషిని నేనెందుకు పిలవాలండీ? ల్యాప్‌టాప్ మూసేసింది, బ్యాగు తీసుకుంది, వస్తానని కూడా చెప్పింది. ఇంకేం మిగిలింది?"

అకౌంట్స్ మేడం అప్పటికే తలుపు దగ్గరికి వచ్చింది. "రిలీవింగ్ లెటర్ తయారు చెయ్యాల్నా సార్?" అని అడిగింది. ఆ మేడం దేంట్లోనూ ఆలస్యం చేయదు, జీతాలు వేయడంలో తప్ప.

"జర ఆగు మేడం," అన్నాను. "సార్, మీరు దిల్‌సుఖ్‌నగర్ల ఎప్పుడన్న ఏమన్న కొన్నరా?"

"మా ఆవిడ కొంటుందండీ. నేను బండి దగ్గర నిలబడతాను."

ఆమెకు ఫోన్ చేశాను. ఆమె బల్ల మీదే, ఛార్జింగ్‌కు పెట్టిన చోట, ఫోన్ మోగింది.

బాల్కనీలోకి పరుగెత్తాను. మా బాల్కనీకి తాడు కట్టిన బుట్ట ఒకటి వేలాడుతుంది. కింద చాయ్ హోటల్ నుంచి ఫ్లాస్కు అందులోనే పైకి వస్తుంది. ఆ తాడు పట్టుకుని వంగి చూస్తే ఆమె కనిపించింది. గాజుల దుకాణం దాటి నడుస్తోంది. చాలా నెమ్మదిగా, పిలిస్తే వినపడేంత దూరంలోనే.

"చెల్లే, ఓ చెల్లే," అని అరిచాను. సందులో ఉన్న ఆడపిల్లల్లో సగం మంది పైకి చూశారు. గాజుల దుకాణం ఆయన చూశాడు. చాయ్ హోటల్ అతను, "బుట్ట దించు అక్కా," అన్నాడు. ఆమె ఒక్కతే చూడలేదు. ఎనక్కి చూడొద్దని చెప్పింది నేనే కదా. ఇంత శ్రద్ధగా పాఠం విన్న విద్యార్థిని సార్ కూడా తన కాలేజీలో చూసి ఉండడు.

సార్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"మీరు పిలవండి సార్. మీ గొంతుకైతే తిరుగుతది."

"బజార్లోకి అరవమంటారా నన్ను?"

"క్లాసుల అరవలేదా సార్?"

"అది క్లాసండీ."

కానీ వంగి చూశాడు. ఆమె సందు మలుపు దగ్గర ఆగి క్లిప్పులు చూస్తోంది. రెండడుగులు వేసింది. మళ్ళీ ఆగి దిండు గలేబులు చూస్తోంది.

"ఆగి ఆగి వెళ్తోందేంటండీ?"

"మీ కోసమే సార్. బస్సెక్కిందంటే ఇగ అయిపాయె. వాళ్ళన్న టైల్స్ షోరూంల కూసోవెడ్తడు."

"టైల్స్ ఏంటి మధ్యలో?"

చెప్పాను. ట్రయల్ గడువు, ఇంట్లో గడువు, ఆమె టిఫిన్ డబ్బా మూత పెడుతూ అన్న మాట. సార్ కళ్ళద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. మార్కర్ జేబులో వేసుకుని మెట్ల వైపు నడిచాడు. ఆయన వెనక నేను, నా వెనక గడ్డం తమ్ముడు, జాకెట్‌తో సహా.

మేం సందు చివరికి చేరేసరికి ఆమె చెప్పుల బండి ముందు నిలబడి ఉంది. ముఖం రోడ్డు వైపు, చెవులు మా వైపు. చెప్పులమ్మే పెద్దమ్మ తన ధోరణిలో తను మాట్లాడుతోంది.

"ఇంకొంచెం తగ్గిస్త, తీస్కో బిడ్డా."

"ఒద్దు పెద్దమ్మా."

"మెత్తగుంటయ్, ఏసుకొని చూడు."

"ఒద్దు."

"నీ అంత గట్టిదాన్ని నేను చూడలె. బోణీ కాలె బిడ్డా, నిన్ను ఉత్తగ పంపను. సగానికి తీస్కపో."

నేను అక్కడే నిలబడిపోయాను. గడ్డిఅన్నారం నుంచి మలక్‌పేట దాకా బేరమాడిన దాన్ని, ఏ రోజూ చెప్పులు నాకు సగానికి రాలేదు. ఈ అమ్మాయికి వచ్చాయి. ఎందుకంటే ఈమెకు ఆ చెప్పులు అక్కర్లేదు. ధర వినడం లేదు, చెప్పులు చూడడం లేదు. నాకు ప్రతిదీ కావాలనే ఉంటుంది, అందుకే లేని గొడుగు కోసం వెనక్కి వెళ్తాను. ఆమెకు అక్కర్లేనిది చెప్పులు. కావలసింది పైన ఆఫీసులో ఉంది. అది వదిలేసినట్టు నటిస్తూ ఇంత దూరం నడిచింది, నేను చెప్పానని. హ్యాండ్‌బ్యాగు పట్టీని ఆమె ఎంత గట్టిగా పట్టుకుందో అప్పుడు చూశాను.

"అమ్మాయ్," అన్నాడు సార్. అరవలేదు. హాజరు పిలిచినట్టు పిలిచాడు.

ఆమె తిరిగింది. కళ్ళలో నీళ్ళున్నాయి. నేను నేర్పిన పరేషాన్ ముఖం ఈసారి చక్కగా కుదిరింది, ఎందుకంటే నటన కాదు.

"ఎక్కడికమ్మా వెళ్తున్నావు?"

"ఎక్కడికి లేదు సార్. మీరు పిలుస్తరని."

"పైనుంచి ఈవిడ అంత గట్టిగా పిలిచింది కదా, ఆగలేదేం?"

"అక్క పిలిస్తే ఎట్ల సార్? దుకాణపాయన పిలవాలె గదా."

సార్ నా వైపు చూశాడు. నేను చెప్పుల నాణ్యత పరిశీలించాను. ఆయనకు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు, కానీ భుజాలు కదిలాయి.

"సరే. నేను ఒక్క రోజు కూడా తగ్గించను. ఎనిమిది ఎందుకు కావాలో చెప్పు చాలు."

మా ఆఫీసులో ఆ ప్రశ్న ఎవరూ అడగగా నేను వినలేదు. ఎన్ని అనే మాట్లాడుకున్నాం, ఎందుకు అని ఎన్నడూ అనుకోలేదు. ఆమె అక్కడే, చెప్పుల బండి పక్కన నిలబడి చెప్పింది. టోకెన్లు ఇచ్చే పని ఐదు రోజుల్లో అయిపోతుంది. కానీ డాక్టరమ్మ మధ్యలో ఒక అర్జెంటు పిల్లను చూస్తే వెనక ఉన్నవాళ్ళందరి వంతూ జరగాలి, ఆ సంగతి వాళ్ళ ఫోన్లకు చేరాలి. కరెంటు పోయి వస్తే క్లినిక్‌లో కంప్యూటర్, తల్లుల ఫోన్లు ఒకే నంబరు చూపించాలి. ఇద్దరు తల్లులు ఒకేసారి నొక్కితే ఒకే టోకెన్ ఇద్దరికీ పోకూడదు.

"పోయిందనుకోండి సార్, జరమొచ్చిన పిల్లలను ఎత్తుకొని ఇద్దరు కొట్లాడుకుంటరు. గది చూసుకోనీకే మూడు రోజులు కావాలె."

చెప్పుల పెద్దమ్మ అంతా శ్రద్ధగా వింది. "ఆరు చేసుకోరి సారూ," అంది. "ఇద్దరికి మంచిగుంటది."

"మీరు ఆగండమ్మా," అన్నాడు సార్. రాయడానికి మార్కర్ తీసి, బోర్డు లేదని గుర్తొచ్చి మళ్ళీ జేబులో వేసుకున్నాడు. "ఎనిమిది. కానీ తేదీ తప్పకూడదు."

"తప్పదు సార్."

"అయితే ఇగ చెప్పులు తీస్కోరి," అంది పెద్దమ్మ. ఆమెకు ఆ బేరం తెగడం ముఖ్యం.

అమ్మాయి సగానికి ఒక జత తీసుకుంది. సార్ వాళ్ళావిడకు ఒక జత తీసుకుని పెద్దమ్మ చెప్పినంత ఇచ్చేశాడు. పెద్దమ్మ ఆ నోట్లను పట్టుకుని నా వైపు అనుమానంగా చూసింది. మెట్లెక్కుతూ సార్ అడిగాడు, "నన్ను మోసం చేసిందంటారా ఆవిడ?"

"లేదు సార్. మీరే ఆమెను భయపెట్టిన్రు."

ఎనిమిదో రోజు సాయంత్రం ఎల్‌బీనగర్‌లో డాక్టరమ్మ కంప్యూటర్‌లో టోకెన్లు నడవడం మొదలైంది. అక్కడ మేమిద్దరం కూర్చుని ఉండగా ఒక ముసలమ్మ మనవణ్ణి ఎత్తుకుని వచ్చింది. టోకెన్ చూపించి, "బిడ్డా, దూరంకెల్లి వచ్చిన. గీ నంబరు ఒక ఐదు ముంగటికి జరుపు," అంది. కౌంటర్ అమ్మాయి కుదరదంది. ముసలమ్మ ఒక మెట్టు దిగింది. "ఐదు నంబర్లు ఒద్దుతీ, రెండు జరుపు." నాకు ప్రాణం లేచొచ్చింది. ఎంత సాఫ్ట్‌వేర్ పెట్టినా ఈ జాతి అంతరించదు.

తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో సీటు దొరకలేదు, తలుపు పక్కన నిలబడ్డాం. ఆమె కాళ్ళకు ఆ సగం ధర చెప్పులే ఉన్నాయి. కూనిరాగం నడుస్తోంది.

"నిజం చెప్పాల్నా అక్కా?" అంది. "ఏడు రోజులకే అయిపోయింది."

"మరి నిన్ననే ఎందుకు ఇయ్యలె?"

"ఇస్తే మళ్ళసారి ఎనిమిదంటే ఏడిస్తడు సార్."

"మరి ఇయ్యాల పొద్దంత ఏం చేసినవ్?"

"పది ఫోన్లు ముంగటేసుకొని నాతోని నేనే కొట్లాడిన. ఒక్క టోకెన్ గూడ కలవలె."

ఇది నేను నేర్పింది కాదు. మా నాన్న కూడా నాకు నేర్పలేదు.

ఆ తర్వాత సోమవారాలు మారిపోయాయి. సార్ ఇప్పుడు సగం కోయడు, ఎందుకు అని అడుగుతాడు. గడ్డం తమ్ముడికి పెద్ద కష్టం వచ్చిపడింది. ఇరవై రోజులు అనడం సులువే, ఇరవై రోజులు ఏం చేస్తాడో చెప్పాలంటే చెమటలు పడుతున్నాయి. జాకెట్ తీసేశాడు. నాకు కూడా చేతికి పని తగ్గినట్టుంది. దాహం తీరక కస్టమర్లతో ఇంకాస్త గట్టిగా బేరం ఆడుతున్నాను.

ఆరు నెలలు నిండిన రోజు సాయంత్రం సార్ అందరినీ పిలిచి ఆమె చేతికి కన్ఫర్మేషన్ లెటర్ ఇచ్చాడు. మేం చప్పట్లు కొట్టాం. కింది నుంచి ఫ్లాస్కు బుట్టలో పైకొచ్చింది, చాయ్‌లు పోసుకున్నాం. సార్ నాలుగు మంచి మాటలు చెప్పడం మొదలుపెట్టాడు. లెక్చరర్ కదా, నాలుగు అంటే నాలుగుతో ఆగవు. ఆమె రెండుసార్లు గోడ గడియారం చూసింది. తర్వాత లెటర్ మడిచి బ్యాగులో పెట్టుకుంది. ల్యాప్‌టాప్ మూసింది. బ్యాగు భుజానికి వేసుకుని, "వస్త సార్," అంది.

సార్ మాట మధ్యలో ఆగిపోయింది. కుర్చీలోంచి సగం లేచాడు. "కూర్చో అమ్మా, కూర్చో. ఏం తక్కువైందో చెప్పు, చూద్దాం."

"ఏం తక్కువ కాలే సార్. మీర్‌పేట్ బస్సు పోతది."

సార్ నా వైపు తిరిగాడు.

"నిజంగనే బస్సు సార్," అన్నాను.

ఆమె మెట్లు దిగింది. సార్ నా మాట నమ్మలేదనుకుంటాను. నెమ్మదిగా బాల్కనీలోకి వెళ్ళి, తాడు పట్టుకుని వంగి చూశాడు. గాజుల దుకాణం దాటింది, క్లిప్పుల దగ్గర ఆగలేదు, చెప్పుల బండి దగ్గర ఆగలేదు, బస్సు కోసం నిజంగానే పరుగెత్తింది. అప్పుడు లోపలికి వచ్చి ఆయన చాయ్ తాగాడు.